ఫోను ఒకటే, మనుషులు నలుగురు: తిరుపతి, చిత్తూరు వెబ్‌సైట్ల యజమానులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో వెబ్‌సైట్లు నడుపుతున్న ఆస్పత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ సంస్థలు, లాడ్జీలు, ట్రావెల్స్ యజమానులకు నమస్కారం.

మీలాంటి వాళ్లకు వెబ్‌సైట్లు కట్టివ్వడం, వాటికి అనలిటిక్స్ (సైట్‌కు ఎవరొచ్చారు, ఏం చూశారు అని లెక్కగట్టే టూల్) అమర్చడం నా పని. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో కూర్చుని మాట్లాడినా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మాట్లాడినా ఈ మధ్య మీ అందరి నోటా ఒకే కోరిక వింటున్నాను. "సైట్‌కు వచ్చినాయన పొద్దున ఫోన్లో చూశాడా, మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో చూశాడా, రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి బుక్ చేశాడా, ఇదంతా ఒకే మనిషి లెక్కన మాకు కనబడాలి. చేసిపెట్టండి." పనిగా చూస్తే అది పెద్ద కష్టమేమీ కాదు, కొన్ని లైన్ల కోడ్ చాలు. ఆ కొన్ని లైన్లు మన ఊళ్లో, మన ఇళ్లలో ఏం చేస్తాయో మాత్రం మీకు ఎవరూ చెప్పడం లేదు. అది చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మనిషిని అడిగి, ఆ మనిషి సరేనంటే తప్ప ఎవరి ఫోన్లనూ కంప్యూటర్లనూ ఒకే గుర్తింపు కింద కలపకండి. ఆరోగ్యం విషయంలో, పిల్లల విషయంలో అసలే కలపకండి.

ముందు ఈ కలపడం ఎలా జరుగుతుందో చెప్తాను. గూగుల్ అనలిటిక్స్ ఉన్న సైట్‌ను ఎవరైనా మొదటిసారి తెరవగానే వాళ్ల బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న సమాచారపు ముక్క పడుతుంది. అందులో రెండు సంఖ్యలుంటాయి. ఒకటి ఎటూ సంబంధం లేకుండా పుట్టించిన సంఖ్య, రెండోది ఆ బ్రౌజర్ మీ సైట్‌కు మొదటిసారి వచ్చిన సమయం, సెకన్ల లెక్కలో. ఈ రెంటినీ కలిపి క్లయింట్ ఐడీ అంటారు. ఆ నంబరు బ్రౌజర్‌ది, మనిషిది కాదు. అదే మనిషి ఆఫీసు కంప్యూటర్లో తెరిస్తే ఇంకో నంబరు వస్తుంది. అదే ఫోన్లో క్రోమ్ వదిలి వేరే బ్రౌజర్ వాడితే మరో నంబరు. ఐఫోన్లో సఫారీ అయితే 2019 నుంచి స్క్రిప్టులు పెట్టే ఇలాంటి కుకీలను ఏడు రోజులకు మించి ఉంచడం లేదు. వారం దాటి వచ్చిన పాత మనిషి మళ్లీ కొత్త మనిషిగా లెక్కలోకి ఎక్కుతాడు. మీ డ్యాష్‌బోర్డులో యూజర్లు అని కనబడే అంకెను మీరు మనుషుల సంఖ్య అనుకుంటారు. అది బ్రౌజర్ల సంఖ్య.

ఈ లోటు తీర్చడానికి వచ్చిందే యూజర్ ఐడీ. ఎవరైనా లాగిన్ కాగానే మీ సైట్ అనలిటిక్స్‌కు ఒక గుర్తింపు పంపుతుంది. ఆ మనిషి రేపు వేరే ఫోన్ నుంచి లాగిన్ అయితే అదే గుర్తింపు మళ్లీ వెళ్తుంది. అక్కడ రెండు ఫోన్ల చరిత్ర ఒక్కటైపోతుంది. 2020లో వచ్చిన జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ కొత్త వెర్షన్) మొదటి నుంచీ ఈ పద్ధతికి పెద్దపీట వేసింది. 2023 జులైలో పాత యూనివర్సల్ అనలిటిక్స్ ఆగిపోయాక మీలో చాలామంది జీఏ4కు మారారు. మార్చిపెట్టిన వాళ్లు యూజర్ ఐడీ కూడా ఆన్ చేసి వెళ్లారేమో మీకు తెలియకపోవచ్చు.

లాగిన్ లేకుండా ఊహ మీద కలిపే పద్ధతులు వేరే ఉన్నాయి. ఒకే ఇంటి వైఫై, ఒకే వేళలు, ఒకే తరహా పేజీలు చూసి ఈ రెండు ఫోన్లూ ఆ టీవీ ఒకరివే అయ్యుంటాయని యంత్రం లెక్కగడుతుంది. ఇది ఎంతదాకా పోయిందంటే, సిల్వర్‌పుష్ అనే కంపెనీ టీవీ ప్రకటనల్లో మనిషి చెవికి వినపడని శబ్దం కలిపి, ఫోన్ మైకు దాన్ని పట్టుకునేలా సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఆ కోడ్ తమ యాప్‌లలో పెట్టుకున్న 12 మంది డెవలపర్లకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 మార్చిలో హెచ్చరిక లేఖలు రాసింది. ఆ కంపెనీ మన దేశంలో పుట్టిందే. కాబట్టి ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అని పక్కన పెట్టలేం.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూద్దాం. ఆ మధ్య ఒక సంస్థ వాళ్లు తమ సైట్‌లో కొన్ని పేజీలు మార్చమని పిలిచారు. పేరు చెప్పను. పని మొదలుపెట్టే ముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, నా సొంత నంబరుకు ఓటీపీ తెప్పించుకుని లాగిన్ అయ్యాను. వెంటనే అనలిటిక్స్ సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ వెళ్లింది. చిరునామాలో 'కలెక్ట్' అని ఉంది, దాని వెనక బారెడు అక్షరాలు. 'సీఐడీ' అన్నచోట బ్రౌజర్ నంబరు. 'డీఎల్' అన్నచోట నేను చూస్తున్న పేజీ చిరునామా. 'డీటీ' అన్నచోట పేజీ పేరు, అది ఒక రక్తపరీక్ష పేరు. 'యూఐడీ' అన్నచోట 91 పెట్టి నా మొబైల్ నంబరు, పది అంకెలూ ఉన్నవి ఉన్నట్టుగా. నా నంబరూ, నేను చూసిన పరీక్షా ఒకే వరుసలో పక్కపక్కనే బయటికి వెళ్లిపోయాయి. అక్కడున్న మేనేజర్‌కు స్క్రీన్ చూపిస్తే ఆయన ముఖం మారిపోయింది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఆయనకు తెలియదు. ఫోన్ నంబరు, ఈమెయిల్ లాంటివి అనలిటిక్స్‌లోకి పంపకూడదని గూగులే తన నిబంధనల్లో స్పష్టంగా రాసింది. అలా పంపితే మీ ఖాతాకే ముప్పు. ఖాతా సంగతి అటుంచండి, ఆ నంబరు మీ పేషెంట్‌ది.

నంబరును హ్యాష్ చేసి పంపుతున్నాం, గుర్తుపట్టలేరు అని కొందరు డెవలపర్లు చెప్తారు. హ్యాష్ అంటే నంబరును అర్థంకాని అక్షరాల వరుసగా మార్చడం. వెనక్కి తిప్పడం కుదరదనేది నిజమే. కానీ తిప్పాల్సిన పనే లేదు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6, 7, 8, 9లో ఏదో ఒకదానితో మొదలవుతాయి. మొత్తం కలిపినా 400 కోట్ల నంబర్లకు మించవు. ఆ 400 కోట్లకూ హ్యాష్ తయారుచేసి పెట్టుకోవడం ఈ రోజుల్లో ఒక మామూలు కంప్యూటర్‌కు కూడా పెద్ద పని కాదు. తర్వాత పోల్చి చూసుకుంటే ఏ హ్యాష్ ఎవరి నంబరో తేలిపోతుంది. రహస్యంగా ఉంచిన ఉప్పు కలపకుండా హ్యాష్ చేస్తే (మా భాషలో సాల్ట్ అంటాం, నంబరుకు అదనంగా కలిపే అక్షరాలు) దాచినట్టు అనిపించడమే తప్ప దాచినట్టు కాదు.

ఇవన్నీ సరిచేయగలిగిన పొరపాట్లు. నన్ను ఎక్కువ కలతపెట్టేది వేరు. అన్నీ పద్ధతిగా చేసినా, మన ఇళ్లలో ఈ లెక్క తప్పుతుంది. యూజర్ ఐడీ తయారుచేసిన వాళ్లు ఒక మనిషికి మూడు పరికరాలు ఉంటాయని అనుకుని తయారుచేశారు. మన దగ్గర చాలా ఇళ్లలో ఒక ఫోనుకు ముగ్గురు మనుషులుంటారు. పిల్లలు పెద్దవాళ్ల ఫోన్లో పాఠాలు వింటారు. పల్లెలో ఉండే అవ్వ పేరు మీద ఓపీ స్లిప్ మనవడు తీస్తాడు. ఇంటి పెద్ద నంబరే గ్యాస్‌కు, బ్యాంకుకు, ల్యాబ్ రిపోర్టుకు, కాలేజీ అప్లికేషన్‌కు. ఆ ఒక్క నంబరు మీద లాగిన్ అయిన ప్రతి పరికరాన్నీ మీ టూల్ ఒకే మనిషిగా చూస్తుంది. మందుల షాపాయన ఒక ఇంట్లో ఎవరెవరు ఏమేం కొన్నారో అంతా ఒకే చీటీ మీద రాసి, ఆ ఇంటి నుంచి ముందు ఎవరొస్తే వాళ్ల చేతిలో పెట్టినట్టు ఉంటుంది ఇది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి విషయం చెప్తాను. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్లమ్మ థైరాయిడ్ రిపోర్టు డౌన్‌లోడ్ చేయాలి. ఖాతా ఉన్నది వాళ్ల నాన్న నంబరు మీద. ఓటీపీ ఆయన ఫోనుకు వచ్చింది, ఆయన ఫోన్ చేసి అంకెలు చదివి చెప్పాడు, ఈ అమ్మాయి స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయింది. రిపోర్టు తీసింది. అదే సైట్‌లో మానసిక ఒత్తిడికి కౌన్సెలింగ్ అని ఒక పేజీ కనిపించింది. కొంతకాలంగా నిద్రపట్టక, పరీక్షల టెన్షన్‌తో సతమతమవుతోంది. ఆ పేజీ చదివింది. ఫీజెంతో చూసింది, అపాయింట్‌మెంట్ బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. మర్నాడు పొద్దున వాళ్ల నాన్న వాట్సాప్‌కు మెసేజ్ వచ్చింది. మీరు చూసిన కౌన్సెలింగ్ ప్యాకేజీ ఇంకా అందుబాటులో ఉంది, ఇక్కడ నొక్కి బుక్ చేసుకోండి అని. ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నేను రాయనక్కర్లేదు. ఆ అమ్మాయి నాతో ఒక మాట అంది: "చెప్పాలనుకున్నాను అన్నా, కానీ నేను చెప్పాలనుకున్నాను."

ఇక్కడ ఎవరూ హ్యాక్ చేయలేదు, డేటా ఎవరూ దొంగిలించలేదు. టూల్ దేనికోసం అమ్మారో సరిగ్గా అదే చేసింది. ఒక ల్యాప్‌టాప్‌లో చూసిన పేజీని, వేరే ఊళ్లో ఉన్న ఫోను నంబరుతో కలిపింది. బుకింగ్ మధ్యలో ఆపేసిన కస్టమర్‌ను వెనక్కి తెచ్చే ఫీచర్ అని మీకు డెమోలో చూపిస్తారు. చీరల దుకాణానికి అది సరిపోవచ్చు. ఆస్పత్రికి సరిపోదు. ఒక జబ్బు గురించి ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ఆ మనిషి ఇష్టం. డాక్టరు గదిలో మీరు పాటించే ఆ మర్యాద మీ వెబ్‌సైట్‌లో కూడా ఉండాలని అడుగుతున్నాను.

లాడ్జీల వాళ్లకు, ట్రావెల్స్ వాళ్లకు ఇది తమ సమస్య కాదనిపించవచ్చు. మీ దగ్గర ఇది నెట్ సెంటర్ రూపంలో వస్తుంది. తిరుపతిలో నెట్ సెంటర్ల సంగతి మీకు తెలియంది కాదు. 300 రూపాయల దర్శనం టికెట్లు, గదులు, రైలు, ట్యాక్సీ, అన్నీ ఒకే కంప్యూటర్లో, ఒకే బ్రౌజర్లో, ఒకరి తర్వాత ఒకరికి. జీఏ4లో సెషన్ (ఒక బ్రౌజర్ ఒక్క రాకలో చూసినదంతా) మామూలుగా కదలిక లేకుండా 30 నిమిషాలు గడిచేదాకా నడుస్తూనే ఉంటుంది. ఒకరు లేచి వెళ్లి ఐదు నిమిషాల్లో ఇంకొకరు కూర్చుంటే టూల్ దృష్టిలో ఇద్దరిదీ ఒకే సెషన్. రెండో మనిషి లాగిన్ కాగానే, ఆ సెషన్‌లో అంతకుముందు లాగిన్ లేకుండా చూసిన పేజీలు కూడా ఆ రెండో మనిషి యూజర్ ఐడీ కిందికే చేరతాయి. కోయంబత్తూరు నుంచి వచ్చిన కుటుంబం వెతికిన గది, బళ్లారి నుంచి వచ్చిన పెద్దాయన ఖాతాలో పడుతుంది. ఇక లాగౌట్ అయ్యాక యూజర్ ఐడీని ఖాళీ చేయాలని గూగుల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. చాలా సైట్లలో ఆ లైన్ ఉండదు. పేజీ రీలోడ్ కాకుండా నడిచే కొత్త తరహా సైట్లలో అది లేకపోతే, మొదటి మనిషి లాగౌట్ చేసి వెళ్లినా ఆయన గుర్తింపు అక్కడే వేలాడుతూ ఉంటుంది.

ఇలా కలిపిన లెక్కలు చూసి మీరు నిర్ణయాలు తీసుకుంటున్నారు. నమ్మకమైన యూజర్లు, తరచూ వచ్చేవాళ్లు అని రిపోర్టులో పైన కనబడే గుర్తింపుల్లో కొన్ని నెట్ సెంటర్ నడిపే వాళ్లవే కావచ్చు. వాళ్లు రోజూ పదిమందికి బుక్ చేస్తారు కదా. వాళ్లకు మీరు తిరిగి రండి అని డిస్కౌంట్ ప్రకటన చూపించడానికి డబ్బు కడుతున్నారు.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. ప్రకటనలకు నెలనెలా డబ్బు పోస్తున్నాం, ఏ ప్రకటన పనిచేసిందో తెలుసుకోకూడదా అంటారు. తెలుసుకోవాలి. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో మీ లాడ్జి ప్రకటన చూస్తాడు, ఇంటికి ఫోన్ చేసి చెప్తాడు, తండ్రి పీలేరులోనో మదనపల్లెలోనో కూర్చుని ఫోన్ మీదే గది మాట్లాడుకుంటాడు. ఈ దారిని ఏ యూజర్ ఐడీ పట్టుకోలేదు, ఎందుకంటే మధ్యలో ఉన్నది ఇద్దరు మనుషుల మాట. దానికి రిజిస్టర్లో ఒక గడి పెంచండి. గది ఇచ్చేటప్పుడు "మా గురించి ఎలా తెలిసింది?" అని కౌంటర్లో కుర్రాడు అడిగి రాసుకుంటే, నెల తిరిగేసరికి మీ చేతిలో ఉండే లెక్క చాలా డ్యాష్‌బోర్డుల కంటే నిజం. ప్రకటన లింకులకు ప్రచారం పేరు తగిలిస్తే ఏ ప్రకటన నుంచి ఎన్ని బుకింగులు వచ్చాయో మనిషిని గుర్తుపట్టకుండానే తెలుస్తుంది. ఫోన్ల నుంచి ఎంత, కంప్యూటర్ల నుంచి ఎంత అనే మొత్తం లెక్కలకూ ఎవరి గుర్తింపూ అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి కొండకు వచ్చే యాత్రికుడి మూడు పరికరాలను జతచేసి మీరు సాధించేది ఏమిటో నాకు నిజంగా కనబడటం లేదు.

అందరికీ అనవసరం అని నేను అనను. ఆన్‌లైన్ క్లాసులు నడిపేవాళ్లకు, విద్యార్థి నిన్న ఫోన్లో ఆపిన పాఠం ఈ రోజు ట్యాబ్‌లో అక్కడి నుంచే మొదలవ్వాలి. అది విద్యార్థికి పనికొచ్చే కలపడం, అడిగితే ఎవరైనా సరే అంటారు. దానికి మీ సొంత సర్వర్‌లో ఉండే ఖాతా చాలు. ఆ జాబితాను అనలిటిక్స్ కంపెనీకి, అక్కడి నుంచి ప్రకటనల వైపుకు పంపాల్సిన అవసరం లేదు.

కోచింగ్ సంస్థల వాళ్లు దయచేసి ఈ భాగం ఇంకొంచెం నిదానంగా చదవండి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దగ్గరపడుతోంది. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. 9వ సెక్షన్ ప్రకారం వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అదీ సరిచూసుకోగలిగిన సమ్మతి. పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్ల ప్రవర్తనను గమనిస్తూ ఉండటం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం కుదరదు. ఈ బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. ఈఏపీసెట్‌కు, నీట్‌కు, జేఈఈకి చదివే మీ ఇంటర్ పిల్లల్లో చాలామందికి వయసు 16, 17. విద్యాసంస్థలకు రూల్స్‌లో కొంత మినహాయింపు ఉంది, కానీ అది చదువుకు సంబంధించిన పనులకూ పిల్లల భద్రతకూ మాత్రమే. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన పిల్లాడికి ఇంట్లో టీవీలో, అన్న ఫోన్లో, ఎక్కడ చూస్తే అక్కడ మీ లాంగ్ టర్మ్ బ్యాచ్ ప్రకటన కనబడటం చదువుకు సంబంధించిన పని అని నేను ఒప్పుకోలేను. ఆ పిల్లాడికి ఆ రోజు కావలసింది కాస్త ఊపిరి.

మిగతా వాళ్లకూ ఆ చట్టంలో తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. సమ్మతి స్వేచ్ఛగా, దేనికోసమో స్పష్టంగా తెలిసి ఇచ్చిందై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. మన సైట్లలో అడుగున ఇంగ్లిష్‌లో చీమల బారులా ఉండే ప్రైవసీ పాలసీని మీలో ఎవరైనా చివరిదాకా చదివారా? దాన్ని పాకాల నుంచి వచ్చిన రైతు చదివి ఒప్పుకున్నట్టు ఎలా అనుకోగలం? తెలుగులో రాయండి. యాత్రికులు వచ్చే సైట్లయితే తమిళం, కన్నడం, హిందీ కూడా పెట్టండి. కౌంటర్లో మీ కుర్రాళ్లు ఈ భాషలన్నీ మాట్లాడుతూనే ఉన్నారు కదా, వెబ్‌సైట్ ఎందుకు మాట్లాడకూడదు?

చట్టం పేరు చెప్పి భయపెట్టడం నాకిష్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు ఇచ్చింది ప్రభుత్వం ముందు మనిషికి ఉండే హక్కు గురించి. నేను మాట్లాడుతున్నది అంతకన్నా దగ్గరి విషయం: ఒకే ఇంట్లో ఉండే మనుషులకు ఒకరి దగ్గర ఒకరికి ఉండే కాస్త చాటు. కూతురికి తండ్రి దగ్గర, కోడలికి అత్తగారి దగ్గర, ఉద్యోగం మారాలనుకుంటున్నవాడికి ఇంట్లోవాళ్ల దగ్గర. ఉమ్మడి ఫోన్ల మధ్య బతికే మనకు ఆ చాటు అసలే తక్కువ. ఉన్న కొంచెమూ మీ రీమార్కెటింగ్ (చూసి వెళ్లినవాళ్ల వెంట మళ్లీ ప్రకటనలు పంపడం) పోగొట్టకూడదు.

ఏం చేయాలో కూడా చెప్పి ఆపుతాను. మీ డెవలపర్‌ను పిలిచి ముందు ఒక ప్రశ్న అడగండి: మన సైట్ యూజర్ ఐడీ పంపుతోందా, పంపితే అందులో ఏముంది? ఫోన్ నంబరో ఈమెయిలో ఉంటే ఈ రోజే ఆపించండి. ఎలాగూ కావాలనుకుంటే ఏ అర్థమూ లేని ఒక సంఖ్యను మీ సర్వరే పుట్టించి పంపాలి, ఆ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టిక మీ దగ్గరే ఉండాలి. జీఏ4 సెట్టింగుల్లో గూగుల్ సిగ్నల్స్ అని ఒకటుంది. గూగుల్ ఖాతాలతో లాగిన్ అయి, ప్రకటనల వ్యక్తిగతీకరణ ఆన్‌లో ఉంచిన వాళ్లను పరికరాల మీదుగా జతచేయడానికి అది పనికొస్తుంది. మీకు దానితో పనిలేదు, ఆఫ్ చేయించండి. మనుషుల వారీ డేటా ఎంతకాలం ఉంచాలో అక్కడే ఎంచుకోవచ్చు, రెండు నెలలు లేదా 14 నెలలు. రెండు నెలలు పెట్టండి. లాగౌట్ అయితే ఐడీ ఖాళీ అవుతోందో లేదో మీ ఎదుటే చూపించమనండి. నా డేటా తీసేయండి అని ఎవరైనా అడిగితే ఒక్క యూజర్ డేటాను తొలగించే వీలు కూడా అందులో ఉంది. అది ఎలాగో మీ దగ్గర ఒక్కరికైనా తెలిసి ఉండాలి. అనలిటిక్స్ సొంత సర్వర్‌లోనే పెట్టుకోవాలనుకుంటే మాటోమో లాంటి ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. దాన్ని నడపడానికి కొంత శ్రమ, నెలకు కొంత ఖర్చు తప్పవు. ఆస్పత్రులు ఆ ఖర్చు పెట్టుకోవాలనే నేను అంటాను.

ఇంకొకటి, నేను ఎక్కువగా పట్టుబట్టేది. లాగిన్ పేజీలో ఓటీపీ గడి కింద ఒక చిన్న ప్రశ్న పెట్టండి. "ఇది మీ సొంత ఫోనా, ఇంట్లోవాళ్లో బయటివాళ్లో కూడా వాడేదా?" రెండోది నొక్కినవాళ్లను కలపకండి. వాళ్లు చూసిన పేజీల మీద మెసేజ్‌లు పంపకండి, పని ముగియగానే లాగౌట్ చేయించండి. ఏదీ నొక్కకుండా ముందుకెళ్లినవాళ్లనూ రెండో రకంగానే చూడండి. రిపోర్టులు, బిల్లులు, అపాయింట్‌మెంట్ వేళలు తప్ప మరే మెసేజీ అడగనిదే ఖాతా నంబరుకు వెళ్లకూడదు. ఆస్పత్రి సైట్లలో మానసిక వైద్యం, గర్భం, సంతానం, లైంగిక ఆరోగ్యం, క్యాన్సర్ పేజీల్లో అనలిటిక్స్ కోడే లేకుండా చూడండి. ఆ పేజీకి ఎంతమంది వచ్చారో మీ సర్వర్ లాగ్ (సర్వర్ తనంతట రాసుకునే చిట్టా) చెప్తుంది, మీకు అంతకన్నా అక్కర్లేదు.

ఈ మార్పులు చేయించడానికి ఒక డెవలపర్‌కు మహా అయితే కొన్ని రోజుల పని. మీలో ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నన్ను పిలవండి. చూసి చెప్పినందుకు డబ్బు తీసుకోను. నాలాగే ఈ పని చేసే తోటి డెవలపర్లను కూడా ఇదే అడుగుతున్నాను: పరికరాలు కలిపిపెట్టమని క్లయింట్ అడిగినప్పుడు, ఎవరిని అడిగి కలుపుతున్నామని ఒక్కసారి తిరిగి అడగండి. జవాబు రాకపోతే ఆ పని మొదలుపెట్టకండి.

ఇట్లు,
తిరుపతిలో వెబ్‌సైట్లు కట్టే ఒక డెవలపర్